గంజాయి కేసు ఉంటే ఇక ఉద్యోగం రాదా?

తమ్ముడు గంజాయి తాగుతూ దొరికాడు, ఇప్పుడు మానేశాడు, కేసు నడుస్తోంది, పని దొరుకుతుందా అని ఒంగోలు నుంచి అడిగారు. దొరుకుతుందండీ. కేసు పెట్టినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు.

గవర్నమెంటు ఉద్యోగానికి ఎంపికైతే అటెస్టేషన్ ఫారంలో (మన వివరాలు, ప్రవర్తన సరిచూసేందుకు నింపించే కాగితం) 'మీపై కేసులున్నాయా?' అన్న గడి ఉంటుంది. అక్కడ మాత్రం దాచొద్దు. దాచారన్న కారణంతోనే ఉద్యోగం తీసేయొచ్చు. ఉన్నది చెబితే ఉద్యోగం గ్యారంటీ కాదు గానీ, కేసు తీవ్రత చూసి అధికారులు నిర్ణయిస్తారు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వాడినందుకో, కొద్ది మొత్తం దొరికినందుకో కేసైతే (గంజాయికి కిలో దాకా కొద్ది మొత్తమే), మత్తుకు అలవాటుపడ్డ మనిషి తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో మత్తు మాన్పించే చికిత్స పూర్తిచేస్తే, ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల నిరోధక చట్టం) 64ఏ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ అడగొచ్చు. చికిత్స కాగితాలు ఒక్కటీ పారేయొద్దు.

ఈలోగా చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు చూడండి. అక్కడ తెలిసినవాళ్ల మాట మీదే ఎక్కువగా పనిలో పెట్టుకుంటారు. వాయిదా రోజు సెలవు కావాలని ముందే చెప్పాలి.

ఉచిత లాయర్ కోసం 15100, మత్తు మాన్పించే సలహాకు 14446.