మీడియం వేవ్ కోసం రిగ్గు విప్పేముందు

చిరంజీవి తమ్ముడికి,

40 మీటర్ల హ్యామ్ బ్యాండ్‌లో అంత బాగా వినే నీ రిగ్గు, అంటే హ్యామ్ రేడియో సెట్టు, మీడియం వేవ్‌కి వచ్చేసరికి చెవిటిదైపోతోందని రాశావు. అది పాడవలేదు, కావాలనే అలా చేశారు. బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు కిలోవాట్లలో అరుస్తుంటాయి కదా, ఆ ధాటికి రిసీవర్ ఓవర్‌లోడ్ కాకుండా చాలా రిగ్గుల్లో సుమారు 1.6 మెగాహెర్ట్జ్ కింద అటెన్యుయేటర్, అంటే సిగ్నల్‌ని తగ్గించే రెసిస్టర్ల సర్క్యూట్, పెట్టేస్తారు.

ఆ రెసిస్టర్లు పీకేద్దామనేగా నీ ఆలోచన? ఆగు. రాత్రిపూట స్టేషన్ లేని చోట ట్యూన్ చేసి, యాంటెన్నా తీసి మళ్లీ తగిలించు. తగిలించగానే హోరు పెరిగితే రిగ్గుకి వినికిడి చాలినంత ఉన్నట్టే. ఈ బ్యాండ్‌లో బయటి నాయిసే ఎక్కువ. గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెంచితే స్టేషన్‌తో పాటు అదీ పెరుగుతుంది. నేనిది తెలియక సోల్డరింగ్ ఐరన్ పట్టాను. సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ లేచింది, నేనూ గంతేశాను. తీరా వింటే, దగ్గరి స్టేషనొకటి డయల్ మీద నాలుగు చోట్ల ప్రత్యక్షం! చీమ తలకాయంత రెసిస్టర్లు తిరిగి అతికించేసరికి ఒక ఆదివారం పోయింది. హోరు అసలు మారకపోతేనే ఆ పని గురించి ఆలోచించు.

దానికి బదులు లూప్, అంటే చట్రానికి వైరు చుట్టిన యాంటెన్నా, కట్టుకో. 1 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 300 మీటర్లు. దాని ముందు 20 మీటర్ల పొడవున్న నీ డైపోల్ (రెండు వైపులా చాచిన వైరు యాంటెన్నా) ఎంత? పైగా అది కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) వెంట ఇంట్లోని నాయిసంతా మోసుకొస్తుంది. మీటరు భుజం ఉన్న చెక్క చట్రానికి ఎనిమిది చుట్లు వైరు చుట్టి, 365 పికోఫారడ్ గ్యాంగ్ కండెన్సర్ (పాత రేడియోల్లో స్టేషన్ మార్చడానికి తిప్పేది) కలుపు. బ్యాండ్ కింది కొస అందకపోతే ఇంకో చుట్టు వెయ్యి. పక్కనే విడిగా ఒక్క చుట్టు వేసి, దాన్ని కోయాక్స్‌తో రిగ్గుకి ఇవ్వు. లూప్‌ని స్టేషన్ వైపు తిప్పడం అందరూ చేస్తారు. నువ్వు మాత్రం హోరు బాగా తగ్గే కోణం వెతుకు. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్ చేసే గోల అక్కడ చాలావరకు మాయమవుతుంది. ఎస్ మీటర్ పడిపోతే పడనీ, మాట తేటగా వినిపిస్తుంది.

పక్క స్టేషన్ నువ్వు వినే స్టేషన్ మీద పడుతుంటే సైడ్‌బ్యాండ్ మోడ్‌కి (సిగ్నల్‌లో ఒక పక్కనే వినే పద్ధతికి) మారి, క్యారియర్ (స్టేషన్ మూల తరంగం) వల్ల వచ్చే ఈల ఆగేదాకా ట్యూన్ చెయ్యి.

లూప్ తగిలించి ఉన్నంతసేపూ మైకు ఊడదీసి పక్కన పెట్టు. పొరపాటున ట్రాన్స్‌మిట్ నొక్కితే కండెన్సర్‌లో మెరుపులు రావచ్చు, రిగ్గు ఫైనల్స్‌కీ (ప్రసారానికి పవరిచ్చే చివరి ట్రాన్సిస్టర్లకీ) ముప్పే.

యాంటెన్నా పీకిన పరీక్షలో ఏం తేలిందో రాయి.

73 (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు),
అన్నయ్య