ఒంటితీగతో మొదలుపెట్టమ్మా

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇంట్లో చేసుకున్న వాద్యాలను, మూలపడిన ఎలక్ట్రానిక్ బొమ్మలను కలిపి సంగీతం చేయాలని ఉందని నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. అయితే సామాను పోగుచేయకముందే, మోగుతున్నది ఏ శ్రుతిలో మోగుతోందో గుర్తుపట్టే చెవిని సిద్ధం చేసుకోవాలి. అందుకే నీ తొలి వాద్యం ఒంటితీగదే కావాలని నా పట్టుదల.

ఇది మనకు కొత్త విద్య కాదు. 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్య గారు వాయించే పన్నెండు మెట్ల కిన్నెర వెదురుతో, సొరకాయ బుర్రలతో తయారైనదే. నువ్వు కూడా గట్టి వెదురుబద్ద ఒకటి తీసుకుని, దాని ఒక కొనకు బాగా ఎండిన సొరబుర్రను గాని ఖాళీ నూనెడబ్బాను గాని కట్టి, పైన ఉక్కుతీగ బిగించు. తీగ మోగే భాగం, అంటే పైకొన ఆనిక నుండి డబ్బా మీద తీగను ఎత్తి పట్టే చిన్న ముక్క అయిన గుర్రం వరకు, సరిగ్గా 60 సెంటీమీటర్లు ఉండేలా చూసుకో. ఊరకే మీటితే పలికేది షడ్జమం (స) అనుకుంటే, గుర్రం నుండి 48 సెంటీమీటర్ల దగ్గర నొక్కితే అంతర గాంధారం (గ), 45 దగ్గర శుద్ధ మధ్యమం (మ), 40 దగ్గర పంచమం (ప), 30 దగ్గర పైస్థాయి షడ్జమం పలుకుతాయి. ఇవి లెక్క ప్రకారం వచ్చే చోట్లు మాత్రమే. తీగను నొక్కినప్పుడు బిగువు పెరిగి స్వరం కొంచెం హెచ్చుతుంది కాబట్టి, ఆ చోట్లలో పెట్టే మెట్లను, అంటే తీగను నొక్కడానికి దాని కింద అడ్డంగా నిలిపే గట్లను, వెంటనే అతికించేయకుండా మైనంతో నిలిపి, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని వింటూ, హెచ్చిన మెట్టును గుర్రానికి దూరంగా వెంట్రుకవాసి చొప్పున జరుపు. ఈ పనిలో తొందర వద్దు, నీ చెవి తయారయ్యేది ఇక్కడే.

ఆ తరువాతే పియెజో బిళ్ళ. మోగే గ్రీటింగ్ కార్డుల్లోను, అలారం గడియారాల్లోను ఉండే ఆ పలుచని ఇత్తడి బిళ్ళ, కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. టంకం వేసేటప్పుడు వేడి మొనను బిళ్ళ మీది తెల్లని పూత మీద క్షణం మించి ఉంచకు, పూత లేచిపోతుంది. బిళ్ళను గుర్రానికి దగ్గరగా, డబ్బా ఒంటికి గాలి సందు లేకుండా అతికించి, తొడుగున్న మైకు తీగతో పాత టేప్‌రికార్డరు మైకు రంధ్రానికి కలుపు. అది దొరకకపోతే ఎల్ఎం386 చిప్పుతో, 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయరు చాలు. దానికి కావలసినవన్నీ హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. స్పీకరుకు ఎదురుగా మాత్రం కూర్చోకు, కూత పెడుతుంది.

బొమ్మల సంగతికి వస్తే, 1960లలో అమెరికాలో రీడ్ ఘజాలా అనే కుర్రవాడి సొరుగులో, మూత తీసిన చిన్న ఆంప్లిఫయరు లోహానికి తగిలి వింత ధ్వనులు చేసింది. బొమ్మల లోపలి సర్క్యూట్లను అడ్డదిడ్డంగా కలిపి కొత్త ధ్వనులు పుట్టించే సర్క్యూట్ బెండింగ్ అనే ఈ విద్య అలా అతనితో ప్రచారంలోకి వచ్చింది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో బ్యాటరీతో నడిచే పాత పియానో బొమ్మ ఒకటి కొను. అది పాడుతుండగా, రెండు కొనలా క్లిప్పులున్న తీగతో లోపలి సర్క్యూట్ పలక మీది టంకపు చుక్కలను జతలుగా తాకిస్తూ పో. నచ్చిన ధ్వని వచ్చిన జతను పెన్నుతో గుర్తుపెట్టి, అక్కడ మీట అమర్చు. బ్యాటరీ మొనల జోలికి మాత్రం పోకు. చాలా బొమ్మల్లో వేగాన్ని శాసించే నిరోధకం (రెసిస్టరు) ఒకటి ఉంటుంది. దాని స్థానంలో తిప్పుడు నిరోధకం పెడితే శ్రుతిని కిందికీ పైకీ జరపవచ్చు. నీ ఒంటితీగ షడ్జమానికి బొమ్మను కలిపేది ఆ గుండీతోనే. అది కలవనంతకాలం ఆ రెండింటినీ జతగా వాయించకు.

ఒక విషయంలో నా మాట జవదాటవద్దు. గోడ ప్లగ్గుతో నడిచే ఏ వస్తువునూ, ప్లగ్గు తీసి ఉన్నా సరే, విప్పవద్దు. పాత టీవీలు అసలే వద్దు. ఫ్లాష్ ఉన్న కెమెరాలనైతే బ్యాటరీవని నమ్మకు, విద్యుత్తును నిలువచేసే వాటి కెపాసిటరులో సుమారు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు. టంకం వేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచు, పని ముగిశాక చేతులు కడుక్కో.

మెట్లు కుదిరాక ఒక్కొక్క స్వరాన్నీ తీరిగ్గా మీటి, శ్రుతి వినబడేలా ఫోనులో రికార్డు చేసి పంపు. ఏ మెట్టు జరపాలో విని రాస్తాను.

ఇట్లు,
నీ మామయ్య