టెక్ సందేహాలు: గేమ్‌లో ఆగని పాట ఆల్బమ్‌లో ఎందుకు ఆగుతుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం గేమ్ సంగీతం గురించే. రోల్ ప్లేయింగ్ గేములు ఆడినవాళ్లకు ఆ బాణీలంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. నలభై, యాభై గంటలు ఒక కథలో తిరిగాక, ఎప్పుడో బస్సులో ఆ పాట చెవిన పడితే చాలు, అక్కడి ఊళ్లూ మనుషులూ కళ్లముందుకొచ్చేస్తారు. అందుకే ఈ వారం కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 7’ ఆల్బమ్ కొన్నాను. గేమ్‌లో ఒకచోట ఎంతసేపు నిలబడితే అంతసేపూ పాట వస్తూనే ఉంటుంది. ఆల్బమ్‌లో రెండుసార్లు వచ్చి, సౌండ్ మెల్లగా తగ్గి ఆగిపోతోంది. డౌన్‌లోడ్ సరిగ్గా కాలేదా? ఆగకుండా వినే దారి ఉందా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

డౌన్‌లోడ్ బాగానే అయింది. ఆ ఆల్బమ్‌ను తయారుచేయడమే అలా చేశారు.

కారణం ఆ గేమ్ పుట్టిన యంత్రంలో ఉంది. మొదటి ప్లేస్టేషన్‌లో సౌండ్ కోసం ఉన్న మెమరీ 512 కేబీ మాత్రమే. ఒకేసారి 24 స్వరాలు పలికించగల చిప్ ఒకటి ఉండేది. పాటల్ని స్టూడియోలో రికార్డు చేసి సీడీ నుంచి నేరుగా వినిపించవచ్చు. కానీ అదే సీడీ నుంచి గేమ్ బొమ్మలు, డేటా కూడా లోడ్ కావాలి కదా, ఆలస్యమవుతుంది. అందుకే సంగీత దర్శకుడు నోబువో ఉఎమాత్సు చిప్‌నే నమ్ముకున్నారు. వాద్యాల చిన్న చిన్న శబ్దాలను మెమరీలో పెట్టి, ఏ స్వరం ఎప్పుడు పలకాలో ఒక చీటీ రాసి ఇచ్చినట్టన్నమాట. ఆ చీటీ చివర ‘మళ్లీ ఫలానా చోటికి వెళ్లు’ అని ఉంటుంది. ఆ చోటు పాట మొదలే కానక్కర్లేదు. భజనలో ప్రతి చరణం తర్వాతా పల్లవి అందుకుంటారు కానీ, మొదట్లో పాడిన శ్లోకాన్ని మళ్లీ ఎత్తుకోరు కదా. ఇదీ అంతే.

దీనివల్ల ఎంత బలం వస్తుందో తెలియాలంటే గేమ్ మొదటి డిస్క్ చివరి సన్నివేశం గుర్తుచేసుకోండి (గేమ్ ఇంకా ఆడనివాళ్లు ఈ ఒక్క పేరా వదిలేయండి). కథలోని ముఖ్య పాత్రల్లో ఒకరైన ఏరిత్ చనిపోతుంది. వెంటనే పోరాటం మొదలవుతుంది. మామూలుగా అయితే అక్కడ యుద్ధం బాణీ రావాలి. రాదు. ఏరిత్ బాణీయే పోరాటమంతా సాగుతుంది. మీరు రెండు నిమిషాల్లో గెలిచినా, తడబడి పది నిమిషాలు తీసుకున్నా ఆ పాట మీతోనే ఉంటుంది. ఆటగాడికి ఎంతసేపు పడుతుందో పాట కట్టేవాళ్లకు తెలియదు. ఆగకుండా తిరిగే పాట కావడం వల్లే ఆ సన్నివేశం సాధ్యమైంది.

ఆల్బమ్ మొదట వచ్చిన సీడీకి అలా కుదరదు. ఎక్కడో ఒకచోట ఆపాలి. 85 ట్రాకులను 4 సీడీల్లో సర్దాలి. అందుకని చాలా పాటల్ని రెండు ఆవృత్తాలు వాయించి, సౌండ్ తగ్గించి ముగించారు.

ఇక ఆగకుండా వినే దారి. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, పాటను అందులో తెరవండి. మొదటి ఆవృత్తం మధ్యలో, తేలిగ్గా గుర్తుపట్టగలిగే ఒక చోటు చూసుకోండి. డ్రమ్ దెబ్బ కావచ్చు, పియానో స్వరం కావచ్చు. అక్కడి నుంచి రెండో ఆవృత్తంలో సరిగ్గా అదే చోటు వరకు సెలెక్ట్ చేయండి. కీబోర్డు మీద జెడ్ నొక్కితే సెలెక్షన్ అంచులు కొద్దిగా జరుగుతాయి. అతుకు దగ్గర ‘టిక్’మనే చప్పుడు రాకుండా ఉండటానికే ఇది. తర్వాత ఆ ముక్కను కొత్త ఫైల్‌లోకి కాపీ చేసి, ఎఫెక్ట్స్‌లో ఉండే రిపీట్‌తో పది, పదిహేను సార్లు పెంచుకోండి. రెండు నిమిషాల ముక్క అరగంట పాట అవుతుంది.

పాట మొదటి నుంచి ఎందుకు కోయకూడదని అడుగుతారేమో. మొదట్లో నేనూ అలాగే కోసేవాణ్ణి. ఆవృత్తం తిరిగి మొదలైన ప్రతిసారీ ఏదో తెగినట్టు వినిపించేది. చాలాసార్లు విన్నాక తెలిసింది: ముందు ఆవృత్తంలోని చివరి స్వరం తాలూకు ప్రతిధ్వని తర్వాతి ఆవృత్తం మొదట్లో కూడా కాసేపు మోగుతూ ఉంటుంది. పాట తొలిసారి మొదలయ్యేటప్పుడు ఆ ప్రతిధ్వని ఉండదు. మధ్య నుంచి మధ్యకు కోస్తే ఆ ప్రతిధ్వని ముక్కలోనే ఉండిపోతుంది, అతుకు తెలియదు.

ఇంకో జాగ్రత్త. చిన్న ముక్కను ఎంపీ3గా సేవ్ చేసి ఫోన్‌లో రిపీట్ పెట్టుకుంటే సరిపోదు. ఎంపీ3 చేసేటప్పుడు ఫైలు మొదట్లో, చివర్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. చాలా ప్లేయర్లలో ప్రతి ఆవృత్తానికీ అది వినిపిస్తుంది. చిన్న ముక్కే కావాలంటే నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో సేవ్ చేయండి. అరగంట ఫైల్‌కైతే ఏ ఫార్మాట్ అయినా ఫరవాలేదు, అతుకులన్నీ లోపలే ఉంటాయి కాబట్టి.

ప్రశ్న: నా ఫోన్‌లో, గేమ్‌లోని ఊళ్లో వచ్చే ప్రశాంతమైన పాట, పోరాటం పాట రెండూ ఒకే సౌండ్‌లో వినిపిస్తున్నాయి. గేమ్‌లో అలా ఉండదు. పాట మారేటప్పుడు ఒకదాని మీద ఒకటి పడుతోంది కూడా. (కరీంనగర్)

రెండూ సెట్టింగుల పనే. ప్లేయర్లు అన్ని పాటల్నీ ఒకే సౌండ్‌కు తెస్తాయి, దాన్ని నార్మలైజేషన్ అంటారు. రకరకాల సినిమా పాటలు కలిపి వింటున్నప్పుడు అది మంచిదే. గేమ్ ఆల్బమ్‌కు మాత్రం హాని చేస్తుంది. సత్రంలో వినిపించే పాట నెమ్మదిగా ఉంటేనే తర్వాత వచ్చే యుద్ధం ఉలిక్కిపడేలా చేస్తుంది. పవరాంప్, ఫూబార్2000 లాంటి ప్లేయర్లలో రీప్లేగెయిన్ అనే చోట ‘ట్రాక్’ బదులు ‘ఆల్బమ్’ ఎంచుకోండి. అప్పుడు మొత్తం ఆల్బమ్‌కు కలిపి ఒకే కొలత వాడుతుంది, పాటల మధ్య తేడా అలాగే ఉంటుంది. స్పాటిఫైలో అయితే ఆల్బమ్‌ను షఫుల్ లేకుండా వరుసగా వింటే చాలు. ఒకదాని మీద ఒకటి పడటానికి కారణం క్రాస్‌ఫేడ్, దాన్ని సున్నాకు తెచ్చేయండి. పాటల మధ్య ఖాళీ రాకుండా చూసే గ్యాప్‌లెస్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి.

రోడ్డు మీద, రైల్లో వినేటప్పుడు ట్రాక్ సెట్టింగే వాడుకోండి. లేకపోతే నెమ్మది పాటలు ఆ రొదలో కలిసిపోతాయి.

ప్రశ్న: జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావ 4 సీడీల ఆల్బమ్ పంపాడు. తన పాత కంప్యూటర్‌లో కాపీ చేసిన ఎంపీ3లు కూడా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. నా ల్యాప్‌టాప్‌లో పాటల పేర్లు పిచ్చి గీతల్లా కనిపిస్తున్నాయి, వరుస కూడా కలగాపులగం అయింది. (హైదరాబాద్)

అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఎలా ఉంటుందో డీటీపీ సెంటర్ల వాళ్లకు బాగా తెలుసు. ఇదీ అలాంటిదే. యూనికోడ్ అంతగా వాడుకలో లేని రోజుల్లో జపనీస్ అక్షరాలను షిఫ్ట్ జిస్ అనే పద్ధతిలో దాచేవారు. మీ ల్యాప్‌టాప్ దాన్ని వేరే లిపి అనుకుని చదువుతోంది. పాటలకు ఏమీ కాలేదు, పేర్లే పాడయ్యాయి.

అసలు సీడీలే మీ చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ ఎంపీ3లతో కుస్తీ పట్టకండి. సీడీ డ్రైవ్ ఒకటి సంపాదించి ఫ్లాక్‌లోకి మళ్లీ కాపీ చేసుకోండి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సీడీని గుర్తుపట్టి పేర్లు నింపుతుంది. సీడీ నాణ్యతలో నిమిషానికి దాదాపు 10 ఎంబీ పడుతుంది, ఫ్లాక్‌లో అది సుమారు సగానికి తగ్గుతుంది, నాణ్యత ఏమాత్రం పోదు.

వరుస చెడిపోవడానికి కారణం వేరు. నాలుగు సీడీల్లోనూ ఒకటో నంబరు పాట ఉంటుంది. డిస్క్ నంబరు రాయకపోతే నాలుగు ఒకట్లు ఒకచోట, నాలుగు రెండ్లు ఇంకోచోట చేరతాయి. ప్రతి సీడీ పాటలకూ డిస్క్ నంబరు 1 నుంచి 4 వరకు ఇవ్వండి, ఆల్బమ్ పేరు మాత్రం నాలుగింటికీ ఒక్కటే ఉంచండి. కథ నడిచిన క్రమంలోనే పాటలు వస్తాయి.

ప్రశ్న: కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో గేమ్‌తో పాటు సౌండ్‌ట్రాక్ కొన్నాను. ఫైళ్లు ఎక్కడున్నాయో తెలియట్లేదు. (తిరుపతి)

లైబ్రరీలో ఆ సౌండ్‌ట్రాక్ మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్‌లో ‘బ్రౌజ్ లోకల్ ఫైల్స్’ నొక్కండి. సాధారణంగా స్టీమ్‌యాప్స్ ఫోల్డర్ లోపల మ్యూజిక్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. అక్కడి నుంచి ఫోన్‌లోకి కాపీ చేసుకోవచ్చు. 2020 నుంచి గేమ్ కొనకపోయినా సౌండ్‌ట్రాక్ ఒక్కటే కొనుక్కునే వీలు కూడా ఉంది. వాటిని మీ యూట్యూబ్ వీడియోల్లో వాడుకోవచ్చా అని కూడా కొందరు అడిగారు. కుదరదు. మీరు కొన్నది వినడానికే, వాడుకునే హక్కు హక్కుదారుల దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: నావి మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్. ఫ్లాక్ ఫైళ్ల కోసం స్టోరేజీ ఖర్చుపెట్టడం దండగేనా? (నెల్లూరు)

ఫోన్ వరకు అవును. బ్లూటూత్‌లో పంపేటప్పుడు పాటను ఎలాగూ మళ్లీ కుదిస్తారు. ఐఫోన్ అయితే ఏఏసీ అనే పద్ధతిలో కుదించి పంపుతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎల్‌డాక్ అనే పద్ధతి ఉంటుంది, అది గరిష్ఠంగా 990 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) వరకు వెళ్తుంది. మామూలు సీడీకి 1,411 కావాలి. కాబట్టి ఫ్లాక్‌ను కంప్యూటర్‌లో దాచుకుని, ఫోన్‌లోకి 256 కేబీపీఎస్ ఏఏసీ చేసి వేసుకోండి. ఇయర్‌బడ్స్‌లో గేమ్ మోడ్ ఉంటే పాటలు వినేటప్పుడు ఆపేయండి. అది ఆట ఆడేటప్పుడు శబ్దం ఆలస్యం కాకుండా చూడటానికి పెట్టింది, వినడానికి దానితో పనిలేదు.

ఒక్క రాత్రి మాత్రం ఇయర్‌బడ్స్ పక్కన పెట్టి, వైరున్న హెడ్‌ఫోన్స్‌తో కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్ మొదటి డిస్క్ వినండి. తర్వాత 2020లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్’ ఆల్బమ్‌లో అవే బాణీలను నిజమైన ఆర్కెస్ట్రాతో వినండి. 512 కేబీల్లో ఒదిగిన పాట అక్కడ 7 సీడీల ఆల్బమ్‌లో విప్పారుతుంది. రెండింటిలో ఏది మీకు దగ్గరగా అనిపించిందో నాకు రాయండి.