కనీసం థ్యాంక్స్ కూడా చెప్పని వాళ్లకు సాయం చేస్తూ ఉండటం ఎలా?

సాయం పొందినవాళ్లు ఒక్క మంచి మాటైనా అనకపోతే మనసు చివుక్కుమంటుంది, నిజమే. నాకు మాత్రం వెంటనే డొక్కా సీతమ్మ గారు (1841–1909) గుర్తొస్తారు. కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఉన్న లంకల గన్నవరంలో, ఆకలితో వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా, కులం అడగకుండా వండి వడ్డించారు. తిని మళ్లీ తన దారిన పోయే బాటసారి తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పేదెప్పుడు? ఆవిడ లెక్క విస్తరి దగ్గరే తీరిపోయేది: కడుపు నిండిందా లేదా, అంతే. అక్కడి వైనతేయ పాయ మీది అక్విడక్టుకు, అంటే కాలువ నీళ్లను నది మీదుగా దాటించే వంతెనకు, ఆవిడ పేరే పెట్టారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ అదే పేరు.

మా అమ్మమ్మ ఎండాకాలంలో వీధి అరుగు మీద చలివేంద్రం పెట్టేది. తడిగుడ్డ చుట్టిన కుండ, పొడుగు కాడ గరిటె. తలెత్తి చూడకుండా తాగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఆవిడ చూసేది కుండలో నీళ్లు ఎంత తగ్గాయన్నదే. సగానికి వస్తే మళ్లీ బిందెతో బయల్దేరేది.

ఒకటి మాత్రం చెబుతాను. అప్పు చేసి ఇవ్వకండి, ఇచ్చాక ఇంట్లో లోటు తెలిసేంత ఇవ్వకండి. నా అనుభవంలో ఆ చివుక్కు చాలాసార్లు అక్కడే మొదలైంది.