సర్వే రిపోర్టు పోస్టులో పంపితే సాక్ష్యం అవుతుందా?

ప్రశ్న: రిజర్వాయర్ కింద ఊళ్లు పోయిన కుటుంబాలపై పీహెచ్‌డీ కోసం రెండేళ్లు సర్వే చేశాను. పునరావాసంపై వేసిన విచారణ కమిషన్‌కు నా రిపోర్టు పోస్టులో పంపితే, రికార్డులో లేదంటున్నారు. ఆ కుటుంబాల బాధ చూసినవాణ్ని, నిద్ర పట్టడం లేదు. అప్పట్లో ఫారాలపై సంతకాలు తీసుకోలేదు. ఇప్పుడు పాత తేదీలతో పెట్టించమంటున్నారు మిత్రులు. నా సూచనలు అమలు చేయాలని హైకోర్టులో రిట్ వేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే విషయం ఒక్కటే. రిపోర్టుతో పాటు మీరు అఫిడవిట్ ఇవ్వలేదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద కమిషన్ ప్రకటన ఇచ్చి, గడువు పెట్టి, ప్రమాణపూర్వక వాంగ్మూలాలు తీసుకుంటుంది. రెండేళ్లు తిరిగిన మనిషి ఆ ఒక్క పేజీ ప్రకటన చదవకపోవడం ఏమిటి?

రిట్ ఆలోచన మానుకోండి. కమిషన్ సిఫార్సులకే ప్రభుత్వం కట్టుబడనక్కర్లేదని సుప్రీంకోర్టు రామకృష్ణ దాల్మియా కేసులో 1958లోనే చెప్పింది. ఇక మీ సూచనలు అమలు చేయమని ఏ కోర్టు ఆదేశిస్తుంది?

అలాగని మీ సర్వేకు విలువ లేదనుకోకండి. క్షేత్రస్థాయి లెక్కలకు కోర్టులూ విలువిస్తాయి. స్థానిక సంస్థల్లో బీసీ రిజర్వేషన్‌కు ముందు ప్రత్యేక కమిషన్ క్షేత్రస్థాయి అధ్యయనం చేసి తీరాలని 2021లో గవళీ కేసులో సుప్రీంకోర్టు అంది. లెక్కలు లేకే మహారాష్ట్ర కోటా నిలవలేదు. అయితే ఆ లెక్కలు ప్రశ్నలకు తట్టుకోవాలి. మీ మూడో అధ్యాయంలో 'చాలా కుటుంబాలకు పరిహారం అందలేదు' అని ఉంది. ఎన్నింటిలో ఎన్నింటికి? ఆ ఇళ్లను ఎలా ఎంచుకున్నారు? ఏ నెలలో అడిగారు? క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట అడిగేవి ఇవే.

పాత తేదీలతో సంతకాలు మాత్రం పెట్టించవద్దు. అది సాక్ష్యం సృష్టించడం. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. కమిషన్ ముందు చెప్పిన మాటలకు విచారణ కమిషన్ల చట్టం ఆరో సెక్షన్ ఇచ్చే రక్షణ అబద్ధపు సాక్ష్యానికి వర్తించదు. మిమ్మల్ని నమ్మి సంతకం పెట్టిన నిర్వాసితులు కూడా ఇరుక్కుంటారు. నిజంగా సేకరించిన మిగతా ఫారాలూ అనుమానంలో పడతాయి.

కమిషన్ పదవీకాలం ఇంకా ఉందో లేదో రేపే కనుక్కోండి. ఉంటే, ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టి, నోటరీ ముందు ప్రమాణం చేసిన అఫిడవిట్ జత చేయండి. అందులో సర్వే పద్ధతి, తేదీలు, ప్రశ్నావళి, సంతకాలు తీసుకోలేదన్న నిజం, అన్నీ రాయండి. పేర్ల బదులు కోడ్ నంబర్లు వేసి, పేర్ల జాబితాను సీల్డ్ కవర్‌లో తీసుకోమని కోరండి. వాయిస్ రికార్డింగులు ఇస్తే ఎలక్ట్రానిక్ రికార్డులకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా జతపరచండి. ముందుకొచ్చే కుటుంబాలు ఇవాళ్టి తేదీతో, తమ మాటల్లో సొంత అఫిడవిట్లు ఇవ్వొచ్చు.

కమిషన్ ముగిసిపోయి ఉంటే వేరే దారి ఉంది. రిపోర్టు అందిన ఆరు నెలల్లో ప్రభుత్వం దాన్ని, తీసుకున్న చర్యల పత్రంతో సహా, చట్టసభ ముందు పెట్టాలి (విచారణ కమిషన్ల చట్టం సెక్షన్ 3(4)). ఆలోపు మీ అధ్యయనాన్ని సంబంధిత శాఖకు, ఆ ప్రాంత ఎమ్మెల్యేలకు ఇచ్చి రసీదు తీసుకోండి. గడువు దాటినా సభలో పెట్టకపోతే సమాచార హక్కు కింద కారణం అడగండి. అప్పటికీ కదలకపోతే, రిపోర్టును సభ ముందు పెట్టమని కోరుతూ రిట్ వేయడానికి ఆధారం ఉంటుంది.