మిద్దె వేడి రాత్రిపూట దిగుతుంది: పెద్దవారి గది సంగతి, మాత్రల సంగతి

ప్రశ్న: తిరుపతిలో మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. మా మామగారికి 71 ఏళ్లు. చాలా కాలంగా బీపీకి, షుగర్‌కు మాత్రలు వాడుతున్నారు. ఎండలు ముదిరినప్పటి నుంచి ఆయనకు రాత్రి నిద్ర పట్టడం లేదు. తెల్లవారుజామున మంచం దిగగానే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. మొన్న తూలిపడబోయి గోడ పట్టుకున్నారు. రాత్రి మూత్రానికి లేవాల్సి వస్తుందని నీళ్లు సరిగా తాగరు. చల్లదనం బయటికి పోకుండా కిటికీలన్నీ మూసి కూలర్ వేస్తున్నాము, అయినా గదంతా ఉక్కపోతే. ఏసీ కొంటే సరిపోతుందా? పెద్దవారికి ఏసీ పడదని బంధువులు అంటున్నారు. – ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీరు అడిగింది ఏసీ గురించే అయినా, ఉత్తరం చదవగానే నా దృష్టి నిలిచింది తెల్లవారుజామున ఆయనకు కళ్లు తిరగడం మీద. ఒళ్లు వేడెక్కినప్పుడు శరీరం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి లోపలి వేడిని పైకి తెస్తుంది, చెమట పట్టించి దానిని వదిలించుకుంటుంది. ఈ రెండింటి వల్లా రక్తపోటు కొంత తగ్గుతుంది. దానికి తోడు నీళ్లు తక్కువ తాగి, బీపీ మాత్ర వేసుకుని, రాత్రంతా వేడి గదిలో పడుకున్న 71 ఏళ్ల మనిషి ఒక్కసారిగా లేచి నిలబడితే మెదడుకు అందవలసిన రక్తం కొన్ని క్షణాలు తగ్గిపోతుంది. వేసవిలో పెద్దవారు స్నానాల గది దగ్గర పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది చాలాసార్లు ఇలాగే. అందువల్ల మీ ఇంట్లో చల్లబరచవలసింది ముందుగా రాత్రి గదిని.

పై అంతస్తులో రాత్రి వేడి ఎందుకు తగ్గదో తెలిస్తే ఖర్చు ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు పగలంతా ఎండను తాగుతుంది. ఆ వేడి స్లాబు అడుగు భాగానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది కనుక, బయట పొద్దు గుంకి గాలి కాస్త తేలికపడే సమయానికి మీ పైకప్పు లోపలి వైపు వేడిని వదలడం మొదలుపెడుతుంది. రాత్రి తొమ్మిది గంటలకు మంచం మీద నిలబడి స్లాబుకు అరచెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. (మీరే చూడండి, ఆయనను ఎక్కనివ్వకండి.) ఆ సెగ కింద పడుకున్న మనిషికి ఫ్యాను తిప్పితే, కప్పు దగ్గర పేరుకున్న వేడి గాలే మీదకు దిగుతుంది.

కాబట్టి నా మొదటి చీటీ మందుల దుకాణానికి కాదు, సున్నం అమ్మే చోటికి. ఇంటి యజమానితో మాట్లాడి మిద్దె మీద తెల్ల సున్నం రెండు మూడు పూతలు వేయించండి. తిరుమల మాడ వీథుల్లో భక్తుల పాదాలు కాలకుండా వేసవిలో తెల్లటి చలువ పెయింటు వేయడం మీరు చూసే ఉంటారు, ఆ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. తెల్లటి పైపూత ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి తిప్పి పంపుతుంది. ఇలాంటి పూత వేసిన ఇళ్లలో లోపలి వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గవచ్చు. వినడానికి చిన్న అంకెగా అనిపించినా, 36 డిగ్రీల గదికీ 33 డిగ్రీల గదికీ మధ్య ఒక ముసలి గుండె పడే శ్రమలో చాలా తేడా ఉంటుంది. సున్నంలో కాస్త జిగురు కలిపితే పట్టు నిలుస్తుంది, వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయించుకోవాలి. కంపెనీల చలువ పెయింట్లు ఎక్కువ కాలం ఉంటాయి, ధర కూడా ఎక్కువే. రోహిణి కార్తె దాకా ఆగకుండా ఈ వారమే పని పూర్తి చేయించండి. వైద్యుడిగా ఒక హెచ్చరిక: సున్నం కలిపే చోటికి పిల్లలను రానివ్వకూడదు. అది కంట్లో పడితే నలపకుండా, కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లే అలవాటు మన ఊళ్లలో ఉంది. నీరు ఆవిరవుతూ స్లాబులోని వేడిని తీసుకుపోతుంది కనుక అది తప్పు పద్ధతేమీ కాదు. కానీ నాలుగు బకెట్లు గుమ్మరించి దిగి వచ్చేస్తే ఆ తడి కొద్దిసేపట్లోనే ఆరిపోతుంది. తడిసిన గోనె సంచులు పరిస్తే ఎక్కువసేపు పనిచేస్తుంది. పాత స్లాబుకు చెమ్మ పడుతుందని యజమాని అభ్యంతరం చెబితే కొబ్బరి మట్టలు గానీ షేడ్ నెట్ గానీ స్లాబుకు కొంచెం ఎత్తులో కట్టి నీడ చేయండి. స్లాబుకు ఎక్కిన వేడిని తోడటం కంటే అసలు ఎక్కనివ్వకపోవడమే సులువు. పడమటి కిటికీ విషయంలోనూ ఇదే మాట. లోపల కట్టిన పరదా దాకా ఎండ వచ్చిందంటే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్లు. వట్టివేళ్ల తడికో వెదురు చాపో కిటికీకి బయటి వైపు కట్టాలి.

ఇక కూలర్. మీరు కిటికీలు మూసి వేయడమే అసలు పొరపాటు. కూలర్ గాలిని చల్లబరిచేది అందులో నీటిని ఆవిరి చేసి, అంటే గాలికి తేమను చేర్చి. మూసిన గదిలో ఆ తేమ పోగుపడుతూ పోతుంది, చివరికి ఒంటి మీది చెమట ఆరదు. చెమట పట్టడం వల్ల కాదు, ఆరడం వల్లనే ఒళ్లు చల్లబడుతుంది. మీరు రాసిన ఉక్కపోతకు కారణం ఇదే. కూలర్‌ను ఒక కిటికీలో, వెనక భాగం బయటి గాలికి తగిలేలా అమర్చి, ఎదురుగా ఉన్న కిటికీనో తలుపునో తెరిచి ఉంచండి. పొడి ఎండ కాసే రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది. సాయంత్రం ఉరుములతో వాన పడి గాలి తేమగా ఉన్న రాత్రి మాత్రం నీటి పంపు ఆపి, కూలర్‌ను ఉత్త ఫ్యానులా వాడుకోవాలి. తొట్టిని వారానికి ఒకసారైనా ఖాళీ చేసి తోమి ఆరబెట్టండి, లేకపోతే డెంగీ దోమలకు అదే పుట్టిల్లవుతుంది.

పగలు బయట మండుతున్నంతసేపు, కూలర్‌కు ఎదురుగా ఉన్నది తప్ప మిగతా కిటికీలు మూసి, బయటి గాలి ఇంటి గాలి కంటే చల్లబడ్డాక అన్నీ తెరవండి. ఆ సమయం ఎప్పుడు వస్తుందో ఊహించనవసరం లేదు, గోడకు తగిలించే చిన్న థర్మామీటరు చెబుతుంది. పెద్దవారుండే గది పగలు 32 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మే నెలలో మన ఊళ్లో రాత్రి బయటి గాలే 24కు దిగని రోజులు ఎక్కువ కనుక, కిటికీలు తెరిచినంత మాత్రాన ఆ రెండో అంకె అందదు. గదిలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటికి వేడిని ఎక్కించడం మొదలుపెడుతుంది. వయసు మీదపడ్డాక చెమట కూడా తక్కువ పడుతుంది కనుక, అలాంటి మధ్యాహ్నాల్లో ఆయనను కింది అంతస్తులో ఎవరి వాకిట్లోనైనా కూర్చోబెట్టడం మేలు. అది కుదరకపోతే మెడకు, చేతులకు తడి తువ్వాలు చుట్టాలి.

ఏసీ పెద్దవారికి పడదన్నది నిజం కాదు. పడనిది 18 డిగ్రీలలో పెట్టి ముఖం మీదకు గాలి కొట్టేలా పడుకోవడం. మిద్దెకు పూత వేయించాక కూడా పడుకునే వేళకు గది 32 డిగ్రీల పైనే ఉంటే, ఆయన వయసుకూ జబ్బులకూ ఏసీని విలాసంగా చూడకండి. 26 లేదా 27 డిగ్రీలలో పెట్టి ఫ్యానును నెమ్మదిగా తిప్పితే చాలు, కరెంటు బిల్లు కూడా అదుపులో ఉంటుంది. అయితే పూత వేయకుండా ముందే ఏసీ కొంటే, మీరు డబ్బు కడుతున్నది ఆ స్లాబుతో పోరాడడానికే.

నీళ్ల విషయంలో ఆయన భయాన్ని కొట్టిపారేయకండి, రాత్రి నాలుగుసార్లు లేవడం ఆ వయసులో నిజమైన బాధే. రోజులో తాగవలసిన నీటిలో ఎక్కువ భాగం సాయంత్రం ఐదారు గంటల లోపే, దాహం వేసే దాకా ఆగకుండా, గంటకోసారి అరగ్లాసు చొప్పున ఇవ్వండి. పల్చటి మజ్జిగ, రాగి అంబలి మంచివి, ఉప్పు చిటికెడు చాలు. నన్నారి షర్బత్ చలువే కానీ అందులోని పంచదార ఆయన షుగర్‌కు చేటు. గుండె బలహీనత గానీ మూత్రపిండాల జబ్బు గానీ ఉందని ఇదివరకు చెప్పి ఉంటే నీటి కొలత, కొబ్బరినీళ్ల సంగతి మీ వైద్యుడినే అడగాలి. ఎందుకంటే కొబ్బరినీళ్లలోని పొటాషియం కొన్ని బీపీ మాత్రలతో కలిసి అలాంటివారికి ప్రమాదమవుతుంది.

మాత్రల పేర్లు మీరు రాయలేదు. ఆయన బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ ఉందేమో అట్ట వెనక చూడండి. ఇవి ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపే మందులు. మాత్ర పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటే సాధారణంగా అందులో మొదటిది కలిసి ఉన్నట్లే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు కూడా మూత్రాన్ని పెంచుతాయి. వీటిలో ఏది ఉన్నా మీ అంతట మీరు ఆపకండి. వేసవికి మోతాదు తగ్గించాలా, వేసుకునే వేళ మార్చాలా అన్నది పరీక్షించి చెప్పవలసిన మాట. ఈలోగా ఆయన నిద్ర లేచాక రెండు నిమిషాలు మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని, ఆ తర్వాతే ఏదైనా పట్టుకుని లేవాలి. మంచం నుంచి స్నానాల గది దాకా చిన్న దీపం వెలుగుతూ ఉండాలి.

ఒక పరిస్థితిలో మాత్రం ఎవరి సలహా కోసమూ ఆగకూడదు. ఒళ్లు కాలిపోతూ ఆయన తికమకగా మాట్లాడినా, మనుషులను గుర్తుపట్టకపోయినా, మగతగా పడి ఉన్నా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధైర్యపడవద్దు. 108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోగా బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరండి. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఈ వారంలోనే ఆయనను మీ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. వెళ్లేముందు మూడు నాలుగు రోజులు ఉదయాన్నే బీపీని కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాలలోపు మరోసారి చూసి రాసిపెట్టండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతుంటే ఆ మాట వైద్యుడికి ముందే చెప్పండి. మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి. అదే కాగితం మీద రాత్రి పది గంటలకు గదిలో ఎన్ని డిగ్రీలు ఉందో కూడా రాయండి.