కునుకు పట్టకముందే ఈఈజీ హెచ్చరించగలదా?

రాత్రంతా తెరల ముందు కూర్చుని పర్యవేక్షించే ఉద్యోగులకు నుదుటి మీద ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పద్ధతి) పట్టీ కట్టి, కునుకు పట్టకముందే హెచ్చరించడం సాధ్యమేనా అని మీరు అడిగారు. మగత మీద జరిగిన ప్రయోగాలలో మెదడు తరంగాలను రికార్డు చేసే పని నేను కొంతకాలం చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: సాధ్యమే, అయితే ఒక మనిషి సంకేతాన్ని అదే మనిషి మెలకువగా ఉన్నప్పటి సంకేతంతో పోల్చి చూసినప్పుడే అది నమ్మదగినదవుతుంది.

అందరూ మొదట తడబడేది ఆల్ఫా దగ్గర. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్న మనిషి తల వెనుక భాగంలో 8 నుంచి 13 హెర్ట్జ్‌ల, అంటే సెకనుకు అన్నిసార్లు ఊగే, ఆల్ఫా లయ స్పష్టంగా కనిపిస్తుంది, కళ్లు తెరవగానే అణగిపోతుంది. 1929లో మానవ ఈఈజీపై తొలి వ్యాసం ప్రచురించిన హాన్స్ బెర్గర్ కాలం నుంచీ ఇది తెలిసిన విషయమే. కళ్లు మూసుకున్న వ్యక్తి నిద్రలోకి జారుతుంటే ఈ ఆల్ఫా తెగితెగి తగ్గిపోయి, దాని చోట 4 నుంచి 7 హెర్ట్జ్‌ల థీటా పుంజుకుంటుంది. కళ్లు తెరిచి పనిచేస్తున్న వ్యక్తికి మగత కమ్మినప్పుడు మాత్రం థీటాతో పాటు ఆల్ఫా కూడా సాధారణంగా పెరుగుతుంది. కాబట్టి కళ్లు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో తెలియకుండా ఆల్ఫా అంకెను ఒక్కదాన్నే చూసి నిర్ణయానికి రావడం ప్రమాదకరం. పైగా, పూర్తి మెలకువలో ఉన్నా ఆల్ఫా దాదాపు కనిపించని ఆరోగ్యవంతులు కొందరుంటారు. ప్రతి షిఫ్టు మొదట్లో కొన్ని నిమిషాలు కళ్లు తెరిపించి, కొన్ని నిమిషాలు మూయించి రికార్డు చేయడం నాకు తప్పనిసరి అనిపించింది ఇందుకే.

నుదుటి పట్టీకి ఇంకొక ఇబ్బంది ఉంది. మెదడు సంకేతం తల చర్మం మీద కొన్ని పదుల మైక్రోవోల్టులే ఉంటుంది. కంటి రెప్ప ఒక్కసారి పడితే నుదుటి ఎలక్ట్రోడ్‌లో 100 మైక్రోవోల్టులకు మించిన అల లేవవచ్చు. నుదురు చిట్లించినా, దవడ బిగించినా 20 హెర్ట్జ్‌లకు పైన కండరాల విద్యుత్తు వచ్చి కలుస్తుంది. ఆల్ఫా కన్నా వేగంగా ఊగే బీటా తరంగాల బలాన్ని ఆల్ఫా, థీటాల మొత్తంతో భాగించి అప్రమత్తతను కొలిచే సూచిక ఒకటి ప్రచారంలో ఉంది. ఆ కండరాల విద్యుత్తు బీటాలా కనిపిస్తుంది. నిద్రను ఆపుకోవడానికి మనిషి ముఖం బిగించి పెనుగులాడుతున్న క్షణాల్లోనే ఆ సూచిక పైకి ఎగబాకి, అతను చాలా అప్రమత్తంగా ఉన్నాడని చూపించడం నేను రికార్డింగుల్లో పలుమార్లు చూశాను. ఇంతకంటే హానికరమైన పొరపాటు ఈ రంగంలో ఉండదని నా అభిప్రాయం. అదే పట్టీలో కంటి కదలికలు కూడా నమోదవుతాయి కనుక వాటిని చెత్తగా భావించి తీసేయకండి. రెప్పలు ఆలస్యంగా లేవడం, కనుగుడ్లు నెమ్మదిగా అటూ ఇటూ దొర్లడం మగతకు మంచి ఆనవాళ్లు.

మీ పరికరం చెప్పింది నిజమో కాదో పనితీరుతోనే సరిచూడాలి. తెరపై సంకేతం కనిపించగానే మీట నొక్కే 10 నిమిషాల ప్రతిచర్య పరీక్ష ఇందుకు బాగా పనికొస్తుంది. 500 మిల్లీసెకన్లు దాటిన ప్రతి స్పందననూ జారిపోయిన క్షణంగా లెక్కిస్తారు. తొమ్మిది మెట్ల కరోలిన్‌స్కా మగత కొలబద్దపై ఉద్యోగుల సొంత అంచనాను కూడా అడగండి. అయితే నిద్ర రాకపోయినా ఏకాగ్రత సడలుతుంది: నార్మన్ మాక్‌వర్త్ 1948లో ప్రచురించిన ప్రయోగంలో, గడియారపు ముల్లు అప్పుడప్పుడు ఎక్కువ దూరం గెంతడాన్ని గమనించేవారి పనితీరు మొదటి అరగంటలోనే పడిపోయింది. ఈఈజీ మగతను పట్టుకున్నంత బాగా ఇలా మనసు పక్కదారి పట్టడాన్ని పట్టుకోలేదు.

కొన్ని సెకన్ల కునుకును పట్టాలంటే కంటి కదలికలను వెంటవెంటనే చూడాలి, థీటా, ఆల్ఫాల పోకడను మాత్రం నిమిషం, రెండు నిమిషాల సగటుతో చూస్తే నిలకడగా ఉంటుంది. హెచ్చరిక మోగినప్పుడు ఆ వ్యక్తిని కాసేపు విశ్రాంతికి పంపి, ఆ స్థానంలో మరొకరిని కూర్చోబెట్టే ఏర్పాటు ముందే ఉండాలి, ఎందుకంటే శబ్దం తెచ్చిన మెలకువ ఎక్కువసేపు నిలవదు. ఇద్దరు ఉద్యోగుల అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరు చురుకైనవారని తేల్చడానికి ఈ రికార్డులను వాడనివ్వకండి. పుర్రె మందం నుంచి పట్టీ బిగువు దాకా ఎన్నో కారణాల వల్ల ఆ అంకెలు మనిషికీ మనిషికీ మారతాయి.